ఆడపిల్లల హైస్కూల్లో ఆటల పీరియడ్

1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు గురజాడ అప్పారావు రాసిన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలోని మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాల జాబితా తయారు చేయించారు. 1034 పెళ్లిళ్లు తేలాయి. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి చాలామంది వెనుకాడారు కనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే. ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు. ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒకే ఒక్క ఏడాది. ఈ అంకెల్ని సంఘసంస్కరణ చరిత్రలో భాగంగా చదవడం మనకు అలవాటు. బడి చరిత్రకు కూడా ఇవే మొదటి ఆధారం అని నా అభిప్రాయం. హైస్కూలంటే పదకొండు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలది. పుట్టింటి పసితనానికీ అత్తింటి చాకిరీకీ మధ్య ఆ అయిదారేళ్లు అనేవే లేని చోట ఆడపిల్లల హైస్కూలు ఎలా పుడుతుంది? హైస్కూలే లేని చోట గైడ్ల దళం, ఖోఖో జట్టు, నాటకాల సంఘం ఎక్కడి నుంచి వస్తాయి? ఈ రోజు నరసన్నపేట లాంటి ఊళ్లో ఓ తొమ్మిదో తరగతి అమ్మాయి విజిల్ ఊది పది మందిని వరసలో నిలబెడుతోందంటే, ఆ విజిల్ వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది.

నరసన్నపేట ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లాలో భాగమైంది. గురజాడ చెప్పిన జాబితా ఒక్క కులానికి సంబంధించినది కనుక దాన్ని అందరికీ అంటగట్టడం న్యాయం కాదు. వంశధార ఒడ్డున సేద్యం చేసుకునే కుటుంబాల్లో అడ్డు మరో రూపంలో ఉండేది. ఉభాల రోజుల్లో, కోతల రోజుల్లో ఆడపిల్ల చేతులు పొలానికి కావాలి, మిగతా రోజుల్లో తమ్ముణ్ణి చంకనెత్తుకోవడానికి కావాలి. కారణాలు వేరైనా ఫలితం ఒకటే, ఆ వయసు ఆమెది కాదు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు పద్నాలుగుగా పెట్టింది, 1978లో అది పద్దెనిమిదికి చేరింది. చట్టం చేసినంత మాత్రాన పెళ్లిళ్లు ఆగలేదని అందరికీ తెలుసు. కానీ కాగితం మీదైనా ఆ మధ్య ఏళ్లు ఆడపిల్లవి అని ఒప్పుకోవడం అక్కడే మొదలైంది.

అంతకుముందు ఆడపిల్లలకు ఆటలు లేవని కాదు. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ల, గచ్చకాయలు, అట్లతద్ది ఉయ్యాలలు, సంక్రాంతి గొబ్బిళ్లు అన్నీ ఉన్నాయి. అవి వాడవాడలా బతికాయి, పాటల్నీ లెక్కనీ ఒంటి చురుకునీ నేర్పాయి. వాటి విలువను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే వాటికి రెండు హద్దులు ఉండేవి. పిల్ల పెద్దమనిషి అయిన రోజుతో చాలా ఆటలు ఆగిపోయేవి. పైగా ఆ ఆటల్లో గెలుపు ఓటములు ఉండేవి కానీ, పదవి ఉండేది కాదు. ఇంట్లో ఆడపిల్లకు దక్కే ప్రతి స్థానమూ చుట్టరికం వల్ల వచ్చేదే. కూతురు, చెల్లెలు, కోడలు, తల్లి. పది మంది ఎన్నుకుంటే వచ్చేదీ, పని సరిగా చేయకపోతే పోయేదీ అయిన స్థానం ఆమెకు బయట ఎక్కడా లేదు. బడిలోని క్లబ్బు మొదట ఇచ్చింది ఆ స్థానాన్నే. చదువుకు తోకలా వేలాడే సరదాగా మనం చూసే ఈ కార్యక్రమాల అసలు చరిత్ర అది. నా వాదన అంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ఈ పద్ధతి మొదట పెద్దవాళ్లలో వచ్చింది. భండారు అచ్చమాంబ 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. ఆ దశాబ్దంలోనే కోస్తా పట్టణాల్లో ఇలాంటి సమాజాలు వరసగా వచ్చాయి. ‘హిందూ సుందరి’ లాంటి పత్రికలు వాటి కబుర్లు మోశాయి. సభ్యత్వం, చందా, కార్యదర్శి, ఉపన్యాసం అనే పనులు ఆడవాళ్ల చేతికి మొదట వచ్చింది అక్కడే. ఆ తర్వాతి తరంలో దుర్గాబాయి ఉంది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు జరిగినప్పుడు పద్నాలుగేళ్ల దుర్గాబాయి అక్కడి ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరు. టికెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూని ఆపేసింది, టికెట్టు తెచ్చాకే లోపలికి పంపింది. ఈ ఘటనను ధైర్యానికి గుర్తుగా చెబుతారు. నాకు అందులో ఎక్కువగా కనిపించేది పదవి. ఆ పిల్లకు ఒక చోటు అప్పగించారు, ఒక నియమం చెప్పారు, ఆ నియమాన్ని అమలు చేసే అధికారం ఇచ్చారు. పెద్ద మనిషి ముందు తల వంచుకోవాలని ఇల్లు నేర్పుతుంది. టికెట్టు చూడమని వాలంటీరు పని నేర్పింది. 1958లో స్త్రీవిద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షురాలైంది కూడా ఆ దుర్గాబాయే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ అవకాశం ప్రభుత్వ బడిలోకి ప్రవేశించింది. ఎన్‌సీసీ చట్టం 1948లో వచ్చింది, మరుసటి ఏడాదే బాలికల విభాగం మొదలైంది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది, 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ సంస్థ అందులో కలిసింది. మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన సెకండరీ విద్యా కమిషన్ 1953 నివేదికలో స్కౌటింగు, ఎన్‌సీసీ, ప్రథమ చికిత్స, జూనియర్ రెడ్‌క్రాస్ గురించి ప్రత్యేకంగా రాసింది. వాటిని సెకండరీ విద్యలో భాగంగానే చూసింది. ఆడపిల్లలకు వేరుగా బడి కావాలని అడిగిన చోట పెట్టాలని కూడా చెప్పింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు రావడంతో ఊళ్లలోని హైస్కూళ్లు జిల్లా పరిషత్తు చేతికి వెళ్లాయి. మండల కేంద్రం స్థాయి ఊళ్లో బాలికోన్నత పాఠశాల అనేది మామూలు మాట కావడానికి దారి ఇలా పడింది.

ఆ బడుల్లో ఏం జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి. గైడ్ల పద్ధతి తీసుకుందాం. ఆరు నుంచి ఎనిమిది మందితో ఒక పెట్రోలు, దానికి ఒక లీడరు. లీడర్లందరూ ఒక చోట కూర్చుని దళం పనులు నిర్ణయిస్తారు. ఎడమ చేత్తో కరచాలనం, మూడు వేళ్ల వందనం. రీఫ్ నాట్ ఎక్కడ వేయాలో, క్లోవ్ హిచ్ ఎక్కడ వేయాలో చేతికి తెలియాలి. ముక్కోణపు గుడ్డతో విరిగిన చేతికి ఉయ్యాల కట్టడం, రెండు కర్రలు, ఒక దుప్పటితో స్ట్రెచరు చేయడం రావాలి. ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్ దాటి రాజ్య పురస్కార్ వరకు పరీక్షలున్నాయి. తుపాను ప్రతి కొన్నేళ్లకు వచ్చిపడే తీరం ఇది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడిమామిడినీ నేలకూల్చిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఇలాంటి చోట తాడు ముడి వేయడం, గాయానికి కట్టు కట్టడం తెలిసిన అమ్మాయి ఉండటం ఊరికి ఆస్తి. ఇక ఆటల విషయం. మద్రాసు ప్రెసిడెన్సీలో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసిన గ్రిగ్ పేరుతో మొదలైన అంతర పాఠశాలల పోటీల్ని మన వైపు ఇప్పటికీ గ్రిగ్ పోటీలనే అంటారు. ఖోఖో, టెన్నికాయిట్, త్రోబాల్, కబడ్డీ జట్లు గ్రిగ్ కోసం పొరుగు ఊరికి బస్సెక్కడం చాలామంది ఆడపిల్లలకు తల్లిదండ్రులు తోడు లేకుండా ఊరు దాటిన మొదటి ప్రయాణం. పేరంటానికీ తీర్థానికీ వెళ్లినప్పుడు ఆమె ఇంటివాళ్ల వెంట వెళ్లింది. గ్రిగ్‌కు జట్టు తరఫున వెళ్లింది.

స్కూల్ డే నాటకాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తెలుగు రంగస్థలం మీద ఆడవేషం చాలాకాలం మగవాళ్లదే. 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలకే పేరు పొందారు. మన తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టేదీ మగవాళ్లే. బాలికల బడిలో ఈ లెక్క తిరగబడింది. మగవాళ్లు లేరు కాబట్టి రాజూ, మంత్రీ, మునసబూ, తాగుబోతు మొగుడూ అందరూ అమ్మాయిలే కావాలి. చీరను పంచెకట్టుగా మార్చి కాటుకతో మీసం దిద్దుకుని, గొంతు పెంచి ఆజ్ఞలిచ్చిన పిల్ల ఆ పూట తన గొంతు ఎంత దూరం వినిపిస్తుందో తెలుసుకుంది. ఇంట్లో గట్టిగా మాట్లాడితే తిట్టే నాన్న కూడా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఆడపిల్లల బడుల్లో ఎక్కువగా నేర్పింది కుట్టూ అల్లికా ముగ్గూ కోలాటమూ వంటే కదా, అది గృహిణి శిక్షణ కాక మరేమిటి అంటారు. ఈ మాటలో నిజం ఉంది. పాఠశాలలు ఆడపిల్లను పెళ్లికి తీర్చిదిద్దే ధోరణి నుంచి పూర్తిగా ఎప్పుడూ బయటపడలేదు. అయితే కుట్టు పీరియడ్ సంగతి అంతటితో తేలిపోదు. ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగులోనూ, టైలరింగు ఎంబ్రాయిడరీలోనూ లోయర్, హయ్యర్ పరీక్షలు నిర్వహిస్తూ వచ్చింది. వాటి మీద శిక్షణ పూర్తి చేసినవాళ్లు క్రాఫ్ట్ టీచర్లుగా, డ్రాయింగ్ టీచర్లుగా ఉద్యోగాలు సంపాదించారు. పదో తరగతి దాటి చదివించే స్తోమత లేని ఇంట్లో ఆ సర్టిఫికెట్టు జీతానికి దారి. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలూ అలాంటివే. బడి వదిలాక ఓ గంట కూర్చుని పరీక్ష తర్వాత పరీక్ష దాటి హిందీ పండిట్ ఉద్యోగానికి అర్హత తెచ్చుకున్న ఆడవాళ్లు కోస్తా అంతటా ఉన్నారు. మన జిల్లాలోనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వి సన్నని నూలు వడికే పని అక్కడ ఆడవాళ్ల చేతిలోనే నిలిచింది. ఇంటి పని అనిపించేది కూలీ ఇచ్చే పనిగా మారడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఏ నైపుణ్యం నేర్పారన్నది ఒక్కటే చూడకూడదు, దానికి పరీక్షా, ధ్రువపత్రమూ, జీతమూ జోడించారా లేదా అన్నది కూడా చూడాలి. జోడించిన చోట కుట్టు గడప దాటింది. జోడించని చోట గడప లోపలే ఉండిపోయింది.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. ఈ జిల్లా ఆడపిల్లల్లో అందరికంటే పేరు తెచ్చుకున్న కరణం మల్లీశ్వరిని తయారు చేసింది బడి క్లబ్బు కాదు కదా? నిజమే. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి, నీలంశెట్టి అప్పన్న దగ్గర వ్యాయామశాలలో బరువులెత్తడం నేర్చుకుంది. 1994, 1995లలో ప్రపంచ చాంపియన్ అయింది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆడవాళ్ల బరువులెత్తే పోటీ ఒలింపిక్స్‌లో చేరిందే ఆ ఏడాది. ఇందులో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, ఉత్తరాంధ్రలో కండబలం పెంచే సంప్రదాయం పాతదే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్‌తో దేశమంతా తిరగక ముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. అలాంటి వ్యాయామశాలల్లోకి ఆడపిల్లను రానివ్వడానికి మాత్రం దాదాపు ఇంకో శతాబ్దం పట్టింది. రెండోది, రానిచ్చిన చోట ఏం జరిగిందన్నది. విజయనగరం జిల్లా కొండవెలగాడ ఒక పల్లెటూరు. అక్కడ బరువులెత్తే సాధన ఊరి అలవాటుగా మారాక మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. ఒక చోటు, ఒక గురువు, రోజూ తప్పని వేళ ఉంటే ఆడపిల్లలు వస్తారని ఈ ఊళ్లు చూపించాయి. కాబట్టి మల్లీశ్వరి ఉదాహరణ బడి క్లబ్బుల వాదనను పడగొట్టదు. ఆ క్లబ్బు లేని లోటును ఒక ఊరి వ్యాయామశాల తీర్చిందని చెబుతుంది. ఊసవానిపేటకు దొరికిన అదృష్టం ప్రతి ఊరికీ దొరకదు. బడి అయితే ప్రతి మండలంలోనూ ఉంది.

ఇంతవరకు మంచి వైపే చూపించాను. చరిత్ర చెప్పేటప్పుడు ఎవరు మిగిలిపోయారో కూడా చెప్పాలి. నరసన్నపేట వర్తక కేంద్రం. చుట్టూ జలుమూరు, పోలాకి, సారవకోట వైపు పల్లెల పిల్లలకు చదువుకూ సంతకూ అదే ఊరు. సాయంత్రం బడి వదిలాక జరిగే ఏ కార్యక్రమమైనా బస్సు వేళ దాటితే ఆ పల్లెల పిల్లలది కాకుండా పోతుంది. ఊళ్లో ఇల్లున్న వర్తకుల పిల్లలూ, ఉద్యోగుల పిల్లలూ మిగులుతారు. యూనిఫాం ఖర్చు, నాట్యం దుస్తుల అద్దె, క్యాంపు రుసుము అన్నీ కలిసి క్లబ్బును డబ్బున్న పిల్లల సొత్తుగా మార్చిన సందర్భాలు తక్కువేం కాదు. మత్స్యకార పిల్లలు, దళిత పిల్లలు, కొండ మీది సవర పిల్లలు పాటల పోటీలో కంటే హాజరు పట్టీలోనే ఎక్కువగా కనిపించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో మగవాళ్ల అక్షరాస్యత సుమారు 72 శాతం, ఆడవాళ్లది సుమారు 52 శాతం. అంటే బడికొచ్చే చాలామంది అమ్మాయిలకు పెట్రోలు లీడరంటే ఏమిటో చెప్పగల అమ్మ ఇంట్లో లేదు. ఈ పిల్లలకే క్లబ్బు ఎక్కువ అవసరం, వాళ్లకే అది అందలేదు.

ఈ అన్యాయానికి విరుగుడు ఎక్కడుందో కూడా చరిత్రే చూపింది. పిల్లలు బడిలోనే ఉండే చోట బస్సు సమస్య లేదు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, అంతకుముందు నుంచీ ఉన్న సాంఘిక సంక్షేమ గురుకులాలు పేదింటి ఆడపిల్లకు సాయంత్రాన్ని తిరిగి ఇచ్చాయి. దాని ఫలితం 2014 మే 25న ప్రపంచం చూసింది. అప్పటి నిజామాబాద్ జిల్లా తాడ్వాయి గురుకులంలో చదువుతున్న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఆ రోజు ఎవరెస్టు ఎక్కింది. ఆమెను ఎంపిక చేసిందీ, శిక్షకుణ్ణి పెట్టిందీ, శిక్షణకు పంపిందీ గురుకుల వ్యవస్థే. గిరిజన తండా అమ్మాయికి కొండ ఎక్కే బలం ముందే ఉంది, ఎక్కమని చెప్పే వ్యవస్థ బడి రూపంలో వచ్చింది. రోజూ ఇంటికి వెళ్లే పిల్లల బడుల్లో ఇదే ఫలితం కావాలంటే దారి ఒకటే, కార్యక్రమాన్ని బడి వేళలోకి, టైంటేబుల్లోకి తేవాలి. సాయంత్రానికి వదిలేసిన క్లబ్బు ఊరి పిల్లలది అవుతుంది, పీరియడ్‌గా పెట్టిన క్లబ్బు అందరిదీ అవుతుంది.

దీనికే ఎదురుచెప్పేవాళ్లు ఎక్కువ. పదో తరగతి ఫలితాలు ముఖ్యం, ఆటల పీరియడ్ లెక్కలకిస్తే నాలుగు మార్కులు వస్తాయి, పేద పిల్లకు మార్కులే దిక్కు అంటారు. ఈ మాట అనే ఉపాధ్యాయుల ఆందోళన నిజమైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ పదో తరగతి ప్రత్యేక తరగతుల కోసం ఆరు నుంచి తొమ్మిది దాకా అందరి ఆటలూ ఎందుకు పోవాలో ఎవరూ చెప్పలేరు. మార్కులు తెచ్చుకున్న అమ్మాయి కూడా రేపు ఇంటర్వ్యూలో, బ్యాంకు కౌంటరులో, గ్రామసభలో నోరు విప్పాల్సిందే. ఆ నోరు ఎప్పుడు తెరుచుకుంటుంది? క్రీడల కోటా, ఎన్‌సీసీ కోటా అనే మెట్లు కూడా ఉన్నాయి, ఆ ధ్రువపత్రాలు తొమ్మిదో తరగతి మైదానం నుంచే మొదలవుతాయి. ఆటల పీరియడ్ తీసేసినప్పుడు పేద పిల్ల దగ్గర నుంచి ఆ మెట్టు కూడా లాగేసినట్టే.

ఆడపిల్లలకు వేరే బడి పెట్టడమే ఒక రకం ఘోషా కాదా అనేవాళ్లూ ఉన్నారు. హంసా మెహతా అధ్యక్షతన 1960లలో పనిచేసిన కమిటీ ఆడ, మగ పిల్లలకు పాఠ్యక్రమం వేరుగా ఉండనక్కర్లేదని చెప్పింది. పాఠ్యక్రమం విషయంలో ఆ మాట పూర్తిగా సరైనది. పదవుల విషయం వేరు. కలిసి చదివే బడిలో స్కూల్ ప్యూపిల్ లీడరు, గంట కొట్టేవాడు, నెట్టు కట్టేవాడు, ప్రార్థనలో ఆజ్ఞలిచ్చేవాడు ఎక్కువగా అబ్బాయే అవుతాడు. బల్లలు మోయడానికి అబ్బాయిల్ని పిలుస్తారు, వందన సమర్పణకు అమ్మాయిని పిలుస్తారు. బాలికల బడిలో బల్ల మోసేదీ, నెట్టు కట్టేదీ, మైకు పట్టేదీ, ఓడిపోయిన జట్టును ఓదార్చేదీ అమ్మాయే. ఈ ఒక్క కారణంతో వేరే బళ్లు ఎల్లకాలం ఉండాలని నేను అనను. కలిసి చదివే బడిలో పదవులు సగం సగం పంచేవరకు వీటి పని తీరలేదని మాత్రం అంటాను.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే టైంటేబుల్ తయారవుతుంది. ఆ కాగితంలో ఆటల పీరియడ్ ఉందో లేదో, గైడ్లకు వారంలో ఒక గంట పెట్టారో లేదో, పీఈటీ పోస్టు ఖాళీగా ఉందో నిండిందో అప్పుడే తేలిపోతుంది. నరసన్నపేటలో గానీ మరే మండలంలో గానీ మీ అమ్మాయి చదివే హైస్కూలు తల్లిదండ్రుల కమిటీలో మీరు ఉంటే, ఈసారి సమావేశంలో ఫలితాల శాతంతో పాటు ఆ టైంటేబుల్ కూడా చూపించమని అడగండి.